తెల్లకారు దాహం

నరసన్నపేట ఇంకాసేపట్లో వస్తుందనగా ఇంజను వేడి చూపే ముల్లు మళ్లీ ఎర్రగీత మీదికెక్కి కూర్చుంది. శివాజీ దాన్ని పేరు పెట్టి, ఇంటిపేరు కూడా పెట్టి తిట్టాడు. తిడితే దిగే ముల్లయితే ఈ కథే లేదు. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమని లేచేసరికి కారును రోడ్డు దించి, తుమ్మచెట్టు కింద ఆపి, తాళం తిప్పేశాడు.

వెనక సీటు పీకేసిన చోట చేపల గంపలున్నాయి. వాటి మధ్య ఇరుక్కుని గున్నమ్మ ఉంది. ఒడ్డున చేపలు కొని నరసన్నపేట బజారులో అమ్ముకునే మనిషి. ఆటోవాళ్లు నీసు వాసనని ముక్కు మూసుకుంటారు కాబట్టి శివాజీ కారు కొన్నప్పటి నుంచీ ఆమెకదే బండి, అతనికి ఆమే మొదటి బేరం.

"ఓలమ్మో! మళ్లీ ఆగిపోనాదేట్రా?"

"ఆగిపోనేదప్పా. నానే ఆపినాను."

"నువ్వాపితే ఏటి, అదాగితే ఏటి? నా సేపలకి రెండూ ఒకటే."

శివాజీ బానెట్ ఎత్తాడు. వెనక చప్పుడైతే తిరిగి చూశాడు. గున్నమ్మ గంప మీది గోనె తీసి, దోసిలి నిండా ఐసు ముక్కలు పట్టుకుని ఇంజను మీదికి వస్తోంది.

"ఒద్దప్పా, ఒద్దు! కాలిపోయిన ఇనుం మీద ఐసేస్తే పగిలిపోతాది!"

"జొరమొచ్చినోడికి తడిగుడ్డెయ్యమేటి?"

"ఇది మనిషి కాదు. సల్లారేదాకా ఊరికే కూకోవాలి."

"నువ్వు కూకో నాయినా. నా సేపలు కూకోవు."

ఆమె రోడ్డు మీదికెళ్లి, చెయ్యూపి, వద్దంటున్న ఆటోవాణ్ణి బతిమాలి, కసిరి, చివరికి గంపలెక్కించుకుంది. వెళ్తూ వెళ్తూ తల బయటికి పెట్టి, "ఇలగే అయితే నాను ఇంకో బండి సూసుకోవాల. కోపం పడకు" అంది. శివాజీకి కోపం రాలేదు, భయం వేసింది.

ఆ భయం ఎందుకో చెప్పుకోవాలి. వాళ్ల పేట కళింగపట్నం పక్కన, సముద్రం ఒడ్డునే. అక్కడ మగవాడై పుట్టినవాడు వానలు మొదలవగానే రైలెక్కి గుజరాత్ పోవాలి. అక్కడి బోట్ల మీద వలలు లాగాలి. ఎండలు ముదిరాకే మళ్లీ ఇంటి మొహం చూడటం. శివాజీ మీసం రాకముందు నుంచీ అలాగే వెళ్లాడు. కూతురు పుట్టినప్పుడు బోటు మీదున్నాడు. అది పాకడం ఫోనులో చూశాడు. తీరా ఇంటికొచ్చి చేతులు చాపితే, ఆ పిల్ల ఎవడో పరాయివాడు ఇంట్లో జొరబడ్డాడన్నట్టు కెవ్వుమని తల్లి చీర చాటుకు దూరింది. ఇంక గుజరాత్ వెళ్లనని శివాజీ ఆ పూటే ఒట్టేసుకున్నాడు. పడవలో తన వాటా అమ్మి పాత తెల్లకారు కొన్నాడు. ఇప్పుడు ఆ పిల్ల ముందు సీట్లో కూర్చుని హారను కొడుతుంది. కారు నిలబడితే ఇతను ఇంట్లో ఉంటాడు, లేకపోతే గుజరాత్‌లో ఉంటాడు. అంతకు మించి లెక్క లేదు.

వాటా అమ్ముతానన్న రోజు పేటంతా నవ్వింది. వల లాగే చేతులు స్టీరింగు తిప్పుతాయా అన్నారు. అందరికీ అడ్డంగా నిలబడ్డవాడు ఒక్క దాలయ్యే. శివాజీకి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. "నా అల్లుడు ఇంటికాడుంటాడు. ఎవుడికేటి నొప్పి?" అని మొహాన అడిగేశాడు. దాలయ్య గుజరాత్ బోటు మీద ఉండగా ఇక్కడ భార్య సుభద్రమ్మ పోయింది. బోటు ఒడ్డుకొచ్చి, కబురు చెవిన పడి, రైళ్లు మారి ఇంటికి చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆ ముక్క ఆయన ఎవరితోనూ అనడు. అల్లుడి కారు గురించి మాత్రం అందరితోనూ అంటాడు.

ఒకప్పుడు ఆ ఒడ్డున ఏ పడవింజను మొరాయించినా దాలయ్యనే పిలిచేవారు. కంటికి పొర కమ్మాక పిలవడం మానేశారు. కారొచ్చాక ముసలాయనకు మళ్లీ పని దొరికింది. కోడి కూయకముందే లేచి దుమ్ము తుడిచి, చక్రాలు తట్టి చూసి, కారు చుట్టూ తిరుగుతుంటాడు. శివాజీ ఆ సంగతి పట్టించుకోలేదు. ముసలాయనకు కాలక్షేపం, కారుకు శుభ్రం అనుకున్నాడు.

ఇంజన్లంటే శివాజీకీ కొత్త కాదు. జబ్బు తానే కనిపెట్టాలనుకున్నాడు. ఫ్యాను చూశాడు, తిరుగుతోంది. బెల్టు వేలితో నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. రబ్బరు పైపు అతుకు దగ్గర చెమట పట్టినట్టు నీళ్లు ఊరుతుంటే క్లిప్పు బిగించాడు. రేడియేటర్ మూత మార్చాడు. లారీ డ్రైవరెవరో "నోపల వాల్వు పీకీ బాబూ, సల్లగుంటాది" అంటే అదీ పీకించాడు. గంగమ్మ సంబరానికి కారు ముందు జాలీకి కట్టిన చామంతి దండ ఎండి చాపలా గాలికి అడ్డుపడుతోందని తెంపేశాడు. దాంతో అతని భార్య అరుణశ్రీ ఆ తెంపడం వల్లే కారుకిలా అవుతోందని నిమ్మకాయలు కట్టింది. ఏది చేసినా ఒకపూట బాగుండేది. మర్నాడు ముల్లు మళ్లీ ఎర్రగీత మీదే.

ఈ లోపు గంగులు వచ్చాడు. గుజరాత్ బోటుకు మనుషుల్ని కట్టే సరంగు. ఏటా ఈ రోజుల్లోనే ఇంటింటికీ తిరుగుతాడు.

"ఒరే శివాజీ, బోటుకి ఒక మనిషి తక్కువున్నాడు. నీ పేరు సెప్పీమంతావా?"

"నాకు కారున్నాది మావా."

గంగులు ఎత్తి ఉన్న బానెట్ కేసి చూశాడు. మసి పూసుకున్న శివాజీ మొహం కేసీ చూశాడు. "ఉన్నాదిలే" అని నవ్వుకుంటూ పక్కింటికి పోయాడు.

ఆ నవ్వు భరించలేక శివాజీ కారును నరసన్నపేట బైపాసు పక్కన స్టాన్లీ షెడ్డుకు తోలుకెళ్లాడు. స్టాన్లీ బాప్టిస్టు చర్చిలో డోలక్ వాయిస్తాడు, ఆదివారం పానా ముట్టడు, మిగతా రోజుల్లో నోరు మూయడు. రేడియేటర్ మూత తీసి లోపలికి తొంగి చూశాడు. మూతి చుట్టూ తెల్లగా పెచ్చు కట్టి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకి, ఆ ముక్క శివాజీ అరచేతిలో పెట్టాడు.

"నాలిక్కి రాసుకో బావా."

శివాజీ రాసుకున్నాడు. మాటలు రాకముందు నుంచీ తెలిసిన రుచి.

"ఉప్పు."

"బోరునీల ఉప్పు ఇలగుండదు. ఇది సముద్రం. కారులో సముద్రం పోసినోడు ఎవుడు?"

"నాను కుళాయి నీలే పోస్తన్నాను బావా, మా పిల్ల మీదొట్టు."

"అయితే నీ ఎనకాల ఇంకెవుడో పోస్తన్నాడు. పడవింజనుకి సముద్రం ఓ పక్కనించి ఒస్తాది, ఓ పక్కనించి ఎల్లిపోతాది. ఉప్పు నిలవదు. దీంట్లో పోసిన నీలే తిరుగుతాయి, మరుగుతాయి. నీలు ఆవిరైపోతాయి గాని ఉప్పెక్కడికి పోతాది? సందులు పూడ్సీసి, ఇనుం తినేస్తాది."

ఆ సాయంత్రం దాకా స్టాన్లీ లోపలంతా కడిగాడు. పీకేసిన వాల్వు మళ్లీ పెట్టాడు. ఇంజను చల్లబరిచే పచ్చటి కూలెంట్ నిండా పోశాడు. "ఇంక సుక్క సముద్రం పడకూడదు. ఇప్పటికే ఎంత తినేసిందో నాను సెప్పలేను" అని చెప్పి పంపాడు.

మర్నాడు తెల్లవారుతుండగా శివాజీకి బయట డబ్బా చప్పుడైతే మెలకువ వచ్చింది. గోడ చాటు నుంచి చూశాడు.

దాలయ్య సముద్రం వైపు నుంచి వస్తున్నాడు. పంచె మోకాళ్ల దాకా తడిసి ఉంది. చేతిలో పాత నూనెడబ్బా నిండా నీళ్లు. కారు ముందు దించి, భుజం మీది తువ్వాలు మడత మీద మడత వేసి రేడియేటర్ మూతి మీద పరిచాడు. ఇసక రేణువు కూడా జారకుండా, పసిపిల్లకు ఉగ్గు పోసినంత నెమ్మదిగా ఆ తువ్వాలులోంచి నీళ్లు పోశాడు. మూత బిగించి, బానెట్‌ను తాకి కళ్లకద్దుకున్నాడు.

"మావా! ఏటి పోస్తన్నావు?"

దాలయ్య తడబడలేదు. తప్పు చేసినవాడైతే కదా తడబడడానికి!

"లేసినావా? నిన్న ఆ షెడ్డోడు ఏటి పోసినాడ్రా దీన్లో? సూస్తే నీలు పచ్చగా ఉన్నాయి. పాసి పట్టీసినాది. కింద బిరడా తీసి మొత్తం పారబోసీసినాను. కడిగి కొత్తనీలు పోసినాను."

కారు కింద తడిసిన ఇసకలో కూలెంట్ పచ్చగా ఇంకిపోతోంది.

"కుళాయి నీలు పొయ్యొచ్చు గదా మావా..."

"తాగే నీలు ఇంజనుకి పోస్తారేట్రా? కుళాయి ఎప్పుడొస్తాదో తెల్దు, ఆడోల్లు బిందెలట్టుకుని కొట్టుకు సస్తన్నారు. గంగమ్మ తల్లి నీలు తాగిన ఇంజను ఏదైనా ఆగిందేటి? నా పుట్టుకంతా సూసినాను. పక్క గొట్టంలోంచి సముద్రం ఉమ్ముతున్నంతసేపు దానికి సావు లేదు." ముసలాయన గొంతు తగ్గించాడు. "నువ్వు దార్లో ఆగిపోతన్నావని గున్నమ్మ సెప్పినాది. అప్పటి నుంచి రెండేసి డబ్బాలు తెస్తన్నాను. ఇది ఆగిపోతే నువ్వు గంగులుగాడి ఎనక ఎల్లిపోతావు. నా కూతురు నా పెళ్లాంలాగ గుమ్మంలో కూకుని సావకూడదు. నానుండగా ఎల్లనివ్వను."

ఆయన సుభద్రమ్మ ఊసెత్తడం శివాజీ అదే మొదటిసారి వినడం. చెప్పవలసిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పొర కమ్మిన కళ్ల కేసి చూశాడు. మాట మింగేశాడు.

"మంచిపని సేసినావు మావా" అన్నాడు.

ఆ వేళ ఊరు దాటగానే కారాపి ఉప్పునీళ్లు వంచేసి, కనిపించిన మొదటి కుళాయి దగ్గర కడిగి మంచినీళ్లు పట్టాడు. గున్నమ్మ ఇదేం వింత అన్నట్టు చూసింది గాని, ముల్లు కుదురుగా ఉందని ఊరుకుంది. అప్పటి నుంచి రోజూ మామ కంటే ముందే లేచి రేడియేటర్ అంచుల దాకా నింపేసేవాడు. దాలయ్య డబ్బాతో వచ్చి మూత తీసి చూసేవాడు. పోయడానికి చోటుండేది కాదు. ఉప్పునీళ్లు ఇసకలో పోసేసి, మురిసిపోయేవాడు.

"సూసినావా? నీలు తగ్గడమే నేదు. తల్లి నీలు పనిసేసినాయి."

"సేసినాయి మావా."

గున్నమ్మ ఇంకో బండి మాట మళ్లీ ఎత్తలేదు. పిల్ల ముందు సీట్లో కూర్చుని హారను కొడుతూనే ఉంది. అబద్ధంతో ఇల్లు గడుస్తుంటే దాన్ని కదిలించాలని ఎవరికుంటుంది? శివాజీకీ లేదు. రాత్రిళ్లు కంటినిండా నిద్రపోయాడు. గంగులు మళ్లీ వచ్చి అడిగితే, ఈసారి ఎత్తని బానెట్ చూపించాడు.

కాని ఉప్పు తన పని తాను ముందే చేసేసింది.

ఒక పొద్దున గంపలతో వెళ్తుండగా ఇంజను దగ్గింది. ముల్లు మెల్లగా ఎక్కలేదు, ఒక్కసారే పైకి పోయింది. వెనక గొట్టంలోంచి దోమలమందు బండిలాగా తెల్లటి పొగ. గున్నమ్మ గంపల మీద పడి దగ్గుతూ, "ఒరే, ఇదేటిరా, పొగలో కప్పీసినావు!" అని అరిచింది. ఆవేళ ఆమె తిట్టలేదు. ఆటో మాట్లాడుకున్నాక తిరిగొచ్చి శివాజీ భుజం మీద ఒకసారి చెయ్యేసి పోయింది. అది తిట్టు కంటే ఎక్కువ బాధించింది.

స్టాన్లీ షెడ్డులో నూనె కొలిచే పుల్ల పైకి తీసి చూపించాడు. దాని మీద నల్లగా ఉండాల్సిన నూనె పాలు పోసిన టీలా ఉంది.

"నూనెలో నీలు కలిసిపోనాయి. పైన హెడ్డు వొంగింది, కింద బ్లాకుని ఉప్పు తినేసింది. దీన్ని బాగుసెయ్యడం కంటే ఇంకో కారు కొనుక్కోడం సులువు బావా."

"మరి అవదా?"

"అవదు." స్టాన్లీ చేతులు తుడుచుకున్నాడు. "సముద్రం పోసినోడు దొరికినాడా?"

"దొరికినాడు."

"ఎవుడు?"

"నానే."

స్టాన్లీ అతని మొహంలోకి చూశాడు. వాగుడుకాయే గాని, ఎక్కడ ఆగాలో తెలియనివాడు కాదు. "సరే" అని, పుల్ల మళ్లీ ఇంజనులో దోపేశాడు.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ముల్లు చూసుకోకుండా తోలేశానని, నీళ్లయిపోయాయని, తప్పంతా తనదేనని శివాజీ చెప్పాడు. అరుణశ్రీ చేతిలో గరిటె నేలకేసి కొట్టింది.

"పడవలో వాటా అమ్మినావు, కారు తగలేసినావు! ఒక ముల్లు సూసుకోలేవేటి బావా? కళ్లెక్కడెట్టుకుని తోలినావు?"

దాలయ్య గుమ్మంలో కూలబడిపోయాడు.

"నీలు, నీలని సెప్తనే ఉన్నాను గదరా. తెల్లారి లేసి నాను నింపి పంపిస్తే, దార్లో నువ్వు సూసుకోలేకపోనావా? నా సేతుల్లో ఉన్నంతసేపు అది బాగానే ఉన్నాది."

"అవును మావా. నీ సేతుల్లో బాగానే ఉన్నాది."

అలా అన్నందుకు శివాజీకి గొప్పగా ఏమీ అనిపించలేదు. ముసలాయన మీద కోపం ఉంది, నిజమే. ఒక్కోసారి ఆ డబ్బాను సముద్రంలోకి విసిరేయాలనిపించేది. కానీ అల్లుణ్ణి తన చేతులతోనే గుజరాత్ పంపానని తెలిస్తే ఆయన ఆ గుమ్మంలోంచి మళ్లీ లేవడు. అది మాత్రం శివాజీకి బాగా తెలుసు. కాబట్టి తిట్లు తినడం మొదలెట్టాడు. పొద్దున అరుణశ్రీ, మధ్యాహ్నం ఆమె తండ్రి, సాయంత్రం ఇద్దరూ. గంగులు వచ్చి ఏమీ అడక్కుండానే టికెట్టు మాట చెప్పి వెళ్లాడు.

బయల్దేరే రోజు ఆటో పేట చివరకొచ్చి ఆగింది. అందులో గంగులు, ఇంకో ఇద్దరూ సంచులతో కూర్చున్నారు. ఆమదాలవలసలో రైలు. దాలయ్య మనవరాలిని భుజానెత్తుకుని వచ్చాడు. పిల్ల అటూ ఇటూ చూసి, "కారేదీ?" అని అడిగింది.

అరుణశ్రీ సంచి అందించడానికి దగ్గరికొచ్చింది. ఇన్నాళ్లూ తిట్టిన నోరు ఇప్పుడు చాలా నెమ్మదిగా కదిలింది.

"కారెట్టే కాడ ఊడుస్తంటే సూసినాను బావా. నేల మీద తెల్లగా ఉప్పు తేలింది. డబ్బా అడుగున కూడా ఉన్నాది."

శివాజీ మామ కేసి చూశాడు. ముసలాయన పిల్లకు ఆటో చక్రం చూపిస్తున్నాడు.

"నానన్న మాటలు మనసులో ఎట్టుకోకు" అంది అరుణశ్రీ. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు, తండ్రి చూస్తాడని.

దాలయ్య దగ్గరికొచ్చి ఆటో కడ్డీ పట్టుకున్నాడు.

"ఎండాకాలం వొచ్చీ. మళ్లీ ఇంకోటి కొందుం. ఈసారి నువ్వు తోలు, అంతే. దాని నీల సంగతి పూర్తిగా నాకొగ్గీ."

పక్కనుంచి అరుణశ్రీ అందుకుంది.

"నీకే ఒగ్గేస్తాం నాన్నా."

ముసలాయన తలూపాడు. ఆ మాటతో కాస్త నిటారుగా నిలబడ్డాడు. ఆటో కదులుతుంటే పిల్ల చెయ్యి పట్టుకుని తనే ఊపాడు. పిల్ల తండ్రి కేసి కాకుండా, పొద్దున్నే తెల్లకారు నిలబడి ఉండే చోటు కేసి చూస్తోంది.